పద్యనాటకం హార్మోనిస్టు చేతిలో యమహా పీఎస్ఆర్-ఈ373

యమహా పీఎస్ఆర్-ఈ373 కీబోర్డు గురించి చెప్పేవాళ్లు ముందు అంకెలు చదువుతారు. 622 వాయిస్‌లు (వాద్యాల శబ్దాలు), 205 స్టైళ్లు (వెనక తాళంతో మోగే నడకలు), 150 ఆర్పెజియోలు, 38 రకాల డీఎస్పీ ఎఫెక్టులు. దుకాణంలో డెమో ఇచ్చే కుర్రవాడు ఒక స్టైల్ మొదలుపెట్టి, ఎడమచేత్తో రెండు కార్డులు (కలిపి నొక్కే స్వరాల గుంపులు) నొక్కి, కొన్న మరుక్షణం మీరే సంగీత దర్శకులన్నట్టు మాట్లాడతాడు. ఆ హంగామాలో నాకు పనికొచ్చేది పదోవంతు కూడా లేదు. అయినా ఈ కీబోర్డు నాకు బాగా నచ్చింది. ఎందుకో చెప్పాలంటే ముందు నా పని ఏమిటో చెప్పాలి.

నేను పౌరాణిక పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తాను. తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్లకు, శ్రీరామనవమి పందిళ్లకు నాటకాలు వేయించే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. నాటకాలు లేని రోజుల్లో భజనలు, సాయంత్రాలు ఇంటి దగ్గర పిల్లలకు పాఠాలు. పద్యానికి తాళం ఉండదు. కార్డులు ఉండవు. నటుడు ఎత్తుకుంటాడు, మనం వెంట నడుస్తాం. చివరి పాదం దగ్గర అతను రాగం తీస్తాడు, గొంతు ఎక్కడ ఆగితే అక్కడ అందుకుని నిలబెడతాం. వన్స్‌మోర్ వస్తే మళ్లీ మొదటినుంచి. ఈ పనికి కీబోర్డు ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ సమీక్ష. సినిమా పాటలు వాయించుకునేవాళ్లకు దీని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను అక్కర్లేదు.

కొనడానికి కారణం బరువు. హార్మోనియాన్ని పెట్టెతో సహా బస్సు ఎక్కించి దించే వయసు దాటింది. ఇది 4.6 కిలోలు, భుజానికి తగిలించుకుని పోవచ్చు. వానాకాలంలో రీడ్లు మూగబోవడం, ఒక మెట్టు నొక్కితే పక్కది కూడా ఈల వేయడం, ఆట మధ్యలో తిత్తి గాలి వదిలేయడం, ఇవన్నీ ఎలాగూ ఉండవు.

అసలు విషయం ట్రాన్స్‌పోజ్, అంటే వేళ్ల దారి మార్చకుండా శ్రుతి మార్చే ఏర్పాటు. పద్యనాటకంలో ఎవరి శ్రుతి వారిది. కృష్ణుడు నాలుగున్నర అంటాడు. దుర్యోధనుడు నాలుగు. ధర్మరాజుకు వయసు మీద పడింది కనుక రెండున్నర. ద్రౌపది వేసే ఆమెకు అయిదున్నర. తెలియనివారి కోసం లెక్క చెబుతాను: సి మెట్టు ఒకటో శ్రుతి, దాని పక్క నల్లమెట్టు ఒకటిన్నర, డి రెండు, అలా బి దగ్గరికి ఏడు. అరలన్నీ నల్లమెట్లే. ఇ, ఎఫ్‌ల మధ్య నల్లమెట్టు లేదు కనుక మూడున్నర శ్రుతి అనేదే లేదు, ఏడున్నరా లేదు. కొత్త నటులు కొందరు "నాది మూడున్నర మాస్టారూ" అని గంభీరంగా చెబుతారు. నేను నాలుగు పెడతాను. వాళ్లు సరిపోయిందంటారు.

హార్మోనియం మీద శ్రుతి మారితే వేళ్ల దారి మొత్తం మారుతుంది. మోహన రాగం ఒకటో శ్రుతిలో అయిదూ తెల్లమెట్లే. అదే మోహన నాలుగున్నరలో అయిదూ నల్లమెట్లే. ఆ అయిదు నల్లమెట్లనే పట్టుకుని షడ్జమం (స) మార్చుకుంటూ పోతే అయిదున్నరలో మధ్యమావతి, ఆరున్నరలో హిందోళం, ఒకటిన్నరలో శుద్ధ సావేరి, రెండున్నరలో శుద్ధ ధన్యాసి వస్తాయి. మా గురువుగారు ఈ సంగతి నోటితో చెప్పలేదు, వాయించి చూపించి ఊరుకున్నారు. అయిదు స్వరాల రాగాలతో ఈ ముచ్చట సరే. శుభపంతువరాళి లాంటి ఏడు స్వరాల రాగాన్ని సీను సీనుకూ వేరే శ్రుతిలో వాయించాలంటే ఒక్కొక్క దారికీ విడిగా సాధన చేయాల్సిందే.

కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ పన్నెండు మెట్లు కిందికీ పన్నెండు పైకీ పోతుంది. నాలుగున్నరకు ప్లస్ ఆరు, నాలుగుకు ప్లస్ అయిదు, రెండున్నరకు ప్లస్ మూడు, అయిదున్నరకు మైనస్ నాలుగు. వేళ్లు మాత్రం ఎప్పుడూ ఒకటో శ్రుతిలోనే నడుస్తాయి. ఆట మొదలయ్యే ముందు మేకప్ గదిలోంచి కబురు వస్తుంది: "మాస్టారూ, రాత్రి ఆటలో గొంతు పోయింది, ఒక అర దించండి." హార్మోనియం మీద ఆ అర అంటే అప్పటికప్పుడు ఏడెనిమిది పద్యాల వేళ్లు తిరగరాసుకోవడం. దీని మీద ఒక అంకె తగ్గించడం, అంతే. నేను ఈ కీబోర్డుకు పెట్టిన డబ్బులో సగం ఆ ఒక్క అంకెకే ఇచ్చాననుకుంటాను.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. పాఠానికి వచ్చే పిల్లలకు మొదట్లో ఈ సౌకర్యం ఉందనే చెప్పను. ఒకటో శ్రుతిలో మాయామాళవగౌళ సరళీ వరసలు వచ్చాక రెండులో, నాలుగున్నరలో వాయించమంటాను. చేతికి దారి తెలిశాక ట్రాన్స్‌పోజ్ వాడితే అది సౌకర్యం, ముందే వాడితే అవిటితనం. పైగా పక్కన ఇంకో వాద్యం ఉంటే మన వేళ్లు చూసి స్వరం పట్టుకోవడం వాళ్లకు అలవాటు. నా వేళ్లు సి మీద, శబ్దం ఎఫ్ షార్ప్‌లో. క్లారినెట్ వాయించే మిత్రుడు నా వైపు చూడడం పూర్తిగా మానేశాడు. మానేయడమే మంచిది.

ట్రాన్స్‌పోజ్ మార్చాలంటే ఫంక్షన్ బటన్ నొక్కి, ఆ అంశానికి పోయి, అంకె మార్చాలి. పగటిపూట ఇంట్లో తీరిగ్గా చేసే పని ఇది. కృష్ణుడి పద్యం అయిపోయి, చప్పట్లు ఆగకముందే దుర్యోధనుడు గద భుజాన వేసుకుని మైకు దగ్గరికి వస్తుంటే ఫంక్షన్లు వెతుక్కునే వ్యవధి ఉండదు. అక్కడ పనికొచ్చేది రిజిస్ట్రేషన్ మెమరీ. ఇందులో తొమ్మిది గదులున్నాయి. ఒక్కొక్క దానిలో వాయిస్, దాని అష్టకం (స్థాయి), స్ప్లిట్ (రెండు చేతులకూ వేరు వాయిస్‌లు), ఎఫెక్టులు, ట్రాన్స్‌పోజ్ అన్నీ కలిపి దాచుకోవచ్చు. నేను పాత్రల వారీగా దాస్తాను. ఒకటి కృష్ణుడు, రెండు దుర్యోధనుడు, మూడు ద్రౌపది, అలా. చిన్న కాగితం ముక్క మీద ఆ అంకెలు రాసి కీబోర్డుకు అంటిస్తాను. వేషధారి వేదిక మీదికి వస్తుండగా ఒక్క అంకె. అతను నోరు తెరిచేలోపు అతని షడ్జమం సిద్ధంగా ఉంటుంది. తొమ్మిది చాలవా అంటే, పద్యం పాడే పాత్రలు తొమ్మిదికి మించిన ఆట నాకు ఇంతవరకు తగల్లేదు.

ఇక శబ్దం. 622లో మన వాద్యాలు కొన్ని ఉన్నాయి: హార్మోనియం, సితార్, తంబురా లాంటివి. నేను వాడేది హార్మోనియమే. పెట్టెలోంచి తీసి నేరుగా ఆ వాయిస్ నొక్కి వాయిస్తే ఎవరికీ నచ్చదు. మూడు మార్పులు చేస్తే మనిషి నమ్మే స్థితికి వస్తుంది.

మొదటిది టచ్ రెస్పాన్స్. ఈ కీబోర్డు మెట్లు ఎంత బలంగా నొక్కితే అంత గట్టిగా పలుకుతాయి. పియానోకు అది ప్రాణం. హార్మోనియానికి ఆ గుణమే లేదు, అక్కడ బలం తిత్తిలో ఉంటుంది, వేలిలో కాదు. ఫంక్షన్లలో టచ్‌ను ఫిక్స్‌డ్‌లో పెడితే అన్ని మెట్లూ ఒకే బలంతో పలుకుతాయి. హార్మోనియం నుంచి వచ్చిన చెయ్యి సన్నగా, చులాగ్గా నొక్కుతుంది. టచ్ మామూలుగా ఉంచితే ఆ వేగంలో సగం స్వరాలు పీలగా వినిపిస్తాయి.

రెండోది డ్యూయల్. మంచి హార్మోనియంలో బాస్, మేల్ అని రెండు వరసల రీడ్లుంటాయి, ఒకే మెట్టుకు రెండు అష్టకాలు కలిసి పలుకుతాయి. ఇక్కడ డ్యూయల్ వాయిస్ ఆన్ చేసి, రెండో వాయిస్‌గా కూడా హార్మోనియాన్నే పెట్టి, దాని అష్టకాన్ని ఒకటి తగ్గించి, వాల్యూమ్ కాస్త కిందికి దించాలి. ఆ గంభీరం వచ్చాకే రౌద్ర పద్యాలకు కింద నేల ఉన్నట్టుంటుంది.

మూడోది రివర్బ్, అంటే శబ్దం మారుమోగినట్టు వినిపించే ఎఫెక్టు. పూర్తిగా ఆపేయాలి. ఎందుకంటే మైకు సెట్టు అబ్బాయిలకు ఎకో అంటే ఉన్న ప్రేమ చెప్పనలవి కాదు. నటుడి మైకుకు ఎలాగూ పెడతారు. మన కీబోర్డులోది కూడా తోడైతే పద్యం పాడుతున్నది కురుక్షేత్రంలోనా నూతిలోనా అని అనుమానం వస్తుంది. మిగతా శబ్దాన్ని మీరు ఆపలేరు, మీ చేతిలో ఉన్నదాన్నయినా ఆపండి.

తిత్తి సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. హార్మోనియంలో ఎడమచెయ్యి గాలి కొడుతూనే ఉంటుంది, ఆ చేతిలోనే భావం ఉంటుంది. స్వరం నిలబెట్టి మెల్లగా గాలి పెంచితే శబ్దం ఉబ్బుతుంది, వదిలితే వాలిపోతుంది. కాటి సీనులో ఆ వాలడం లేకపోతే ఏడుపు రాదు. ఈ తరగతి కీబోర్డుల్లో కాలితో శబ్దం పెంచి తగ్గించే ఎక్స్‌ప్రెషన్ పెడల్ పెట్టుకునే వసతి ఉండదు, ఉన్న పెడల్ జాక్ సస్టెయిన్ (వేలు తీసినా స్వరం సాగడం) కోసం. అందుకని నేను ఎడమచేతిని వాల్యూమ్ నాబ్ మీద ఉంచుతాను. నాబ్ ఎడమవైపే ఉండడం అదృష్టం. చూపుడువేలు, బొటనవేలితో తిప్పుతూ తిత్తి పని చేయిస్తాను. సున్నితంగా తిప్పాలి, ఎక్కువ తిప్పితే స్పీకరు అరుస్తుంది. అలవాటయ్యాక నటులు తేడా పట్టలేదు. సాటి హార్మోనిస్టులు మాత్రం ఒక్క పద్యంలో పట్టేస్తారు, పట్టినా పైకి అనరు.

గమకం గురించి పేచీ పెట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఈ మోడల్‌కు పిచ్ బెండ్ చక్రం లేదు. అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం కుదరదు, మెట్టు మెట్టుగా దూకాలి. వీణో వయొలినో నేర్చుకున్న చెవికి ఇది లోటే. కానీ హార్మోనియం మాత్రం జారిందా? ఆకాశవాణి వాళ్లు 1940 మార్చి నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గాలి తరంగాల మీదికి రానివ్వలేదు. గమకం పలకదు, పన్నెండు మెట్లూ సమానంగా కోసేసిన శ్రుతి మన రాగాలకు సరిపడదు అన్నవే అప్పటి అభ్యంతరాలు. ఆ వాద్యంతోనే మన రంగస్థలం ఇన్ని తరాలు పద్యాలు పాడించుకుంది. పక్క స్వరాన్ని వేలితో తాకి తాకనట్టు తాకించి కంపితం ఉన్న భ్రమ కలిగించడం హార్మోనిస్టులు ఎప్పుడో నేర్చుకున్నారు. ఆ వేళ్లు ఉన్నవాళ్లకు ఈ కీబోర్డులో కొత్తగా పోయింది ఏమీ లేదు. పద్యం వెంట నడవడానికి కాక, కీబోర్డు మీద కర్ణాటక సంగీతం విడిగా కచేరీ చేయాలనుకునేవారు మాత్రం దీని జోలికి పోవద్దు. చక్రం ఉన్న పీఎస్ఆర్-ఈ473 గానీ, మన దేశం కోసమే చేసిన పీఎస్ఆర్-ఐ500 గానీ చూసుకోవాలి. ఐ500లో రియాజ్ అని తంబురా, తబలాలతో సాధన చేసుకునే ఏర్పాటు కూడా ఉంది.

తంబురా అన్నాను కనుక ఇంకో వాడకం. ఈ కీబోర్డు వెనక ఆక్స్ ఇన్ అనే చిన్న రంధ్రం ఉంది. దానికి ఫోను తగిలిస్తే ఫోనులోని శబ్దం కీబోర్డు స్పీకర్లలోంచి మన వాద్యంతో కలిసి వస్తుంది. ఫోనులో తంబురా యాప్ పెట్టుకుని శ్రుతి సాగనిస్తాను. దీనితో వేరే శ్రుతిపెట్టె మోసే పని తప్పింది. కీబోర్డు ట్రాన్స్‌పోజ్ మారిస్తే తంబురా మారదని గుర్తుంచుకోండి, యాప్‌లో వేరుగా మార్చాలి. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరిచిపోకండి. శ్రుతి మధ్యలో ఎవరి ఫోను మోగినా జనం క్షమిస్తారు, హార్మోనిస్టుది మోగితే క్షమించరు. అదే దారిలో పాట పంపి, మెలడీ సప్రెసర్ నొక్కితే మధ్యలో వినబడే గొంతు తగ్గుతుంది. పాట ఎలా మిక్స్ చేశారన్నదాన్ని బట్టి ఒక్కోసారి బాగా తగ్గుతుంది, ఒక్కోసారి పాడేవాడు గోడ వెనక నుంచి పాడుతున్నట్టు ఉంటుంది. మా మనవడికి ఇదే పెద్ద కాలక్షేపం.

ట్యూనింగ్ అనే ఫంక్షన్‌ను చాలామంది ముట్టుకోరు. పక్కన ఇంకో వాద్యం ఉన్నవాళ్లకు ఇది తప్పనిసరి. మామూలుగా 'ఏ' (A) అనే స్వరం 440 హెర్జ్ దగ్గర ఉంటుంది. దాన్ని 427 నుంచి 453 దాకా ఎక్కడైనా నిలపవచ్చు. అంటే దాదాపు అర మెట్టు కిందికి, అర మెట్టు పైకి. ట్రాన్స్‌పోజ్‌తో కలిపితే అందుకోలేని శ్రుతి ఉండదు. పాత హార్మోనియాలు 440కి కట్టుబడి ఉండవు. భజన మందిరాల్లో ఉన్నవైతే దేనికది. అలాంటిదాని పక్కన కూర్చోవలసి వస్తే రెండింటి మీదా ఒకే షడ్జమం పట్టించండి. తేడా ఉంటే శబ్దంలో ఊయల ఊగినట్టు అలలు వినిపిస్తాయి. ట్యూనింగ్ అంకెను కొద్దికొద్దిగా జరుపుతూ పోతే అలలు నెమ్మదిస్తాయి. పూర్తిగా ఆగిన చోట ఆపండి. తబలా ఆయన కూడా అప్పుడే తన శ్రుతి చూసుకుంటాడు. ఒక జాగ్రత్త: కీబోర్డు కట్టేసినా ఈ ట్యూనింగ్ అలాగే ఉండిపోతుంది. ట్రాన్స్‌పోజ్ అలా ఉండదు. మర్నాడు వేరే ఊళ్లో కూర్చున్నప్పుడు మొదట చూడవలసింది ఇదే. ఏం మార్చామో, ఎక్కడ మార్చామో అయోమయంగా ఉంటే కుడి చివరి తెల్లమెట్టును నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే కీబోర్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి పోతుంది. మీ తొమ్మిది మెమరీలూ దాంతోపాటే పోతాయి. కనుక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఎడమ చివరి మెట్టుకూ ఒక పని ఉంది. ఇది ముప్పై నిమిషాలు ముట్టుకోకపోతే తనంతట తాను ఆరిపోతుంది. కరెంటు ఆదాకు మంచిదే. మన ఆటల్లో మాత్రం ప్రార్థన అయ్యాక సర్పంచిగారి ప్రసంగం, దాతలకు సన్మానాలు, శాలువాలు, పేరుపేరునా కృతజ్ఞతలు. ముప్పై నిమిషాలు ఏ మూలకు? తెర లేచి నటుడు గొంతెత్తాక చూసుకుంటే కీబోర్డు నిద్రపోయి ఉంటుంది. ఎడమ చివరి మెట్టు నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే ఈ ఆటో పవర్ ఆఫ్ రద్దవుతుంది. మాన్యువల్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. నా దృష్టిలో మొదటి పేజీలో ఉండవలసిన మాట.

కరెంటు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. అడాప్టర్ 12 వోల్టులది. అది లేకపోతే ఆరు ఏఏ సెల్లుల మీద నడుస్తుంది. పల్లెల్లో నేను మొదటినుంచీ సెల్లుల మీదే వాయిస్తాను, అడాప్టర్ సంచిలోనే ఉంటుంది. జనరేటర్ మీద నడిచే పందిళ్లలో అడాప్టర్ పెడితే ఆంప్లిఫయర్‌లో ఒక గుర్రుమనే శబ్దం వెనకే పడుతుంది. సెల్లులతో ఆ గోల లేదు, కరెంటు పోయినా పద్యం ఆగదు. చార్జింగ్ చేసుకునే సెల్లులు వాడేవాళ్లు ఫంక్షన్లలో బ్యాటరీ రకాన్ని కూడా మార్చాలి, లేకపోతే సెల్లు ఎంత మిగిలిందో సరిగా చూపించదు.

లోపలి స్పీకర్లు రెండున్నర వాట్లవి రెండు. ఇంట్లో పాఠానికి, పదిమంది భజనకు సరిపోతాయి. పందిరికి చాలవు. బయటికి తీసేందుకు విడిగా లైన్ అవుట్ లేదు, హెడ్‌ఫోన్ రంధ్రమే అవుట్‌పుట్ కూడా. అందులో మైకు సెట్టు వాళ్లు ఏదో ఒక వైరు గుచ్చబోతారు, గుచ్చనివ్వకండి. జాక్ మీద రెండు నల్ల గీతలున్న స్టీరియో వైరు మీరే తీసుకుపోండి. జాక్ పెట్టగానే లోపలి స్పీకర్లు ఆగిపోతాయి. అప్పటినుంచి మీకు మీ శబ్దం వినిపించాలంటే వేదిక మీద మానిటర్ స్పీకరు ఉండాలి. అడిగి పెట్టించుకోండి. లేకపోతే మీ వాద్యం మీకంటే ముందు వెనక వరసలో శనగలు తినేవాడికి వినబడుతుంది.

స్టైళ్ల గురించి ఎక్కువ చెప్పను. పద్యానికి వాటితో పని లేదు. భజనకు మాత్రం ఒక కిటుకు ఉంది. 205లో భజన్, కవ్వాలీ, దాండియా లాంటి మన నడకలు కొన్ని ఉన్నాయి. మామూలుగా ఏసీఎంపీ (కార్డును బట్టి తోడు వాయించే ఏర్పాటు) ఆన్ చేసి ఎడమచేత్తో కార్డు పడితే బాస్, తీగలు అన్నీ మొదలవుతాయి. అవి మోహనకు, శంకరాభరణానికి పొసుగుతాయేమో గానీ శుభపంతువరాళిలో కీర్తన పాడుతుంటే వినలేం. ఏసీఎంపీ ఆపేసి స్టైల్ మొదలుపెడితే తాళవాద్యాలు మాత్రమే మోగుతాయి. తబలా మనిషి రాని సాయంత్రాలకు అది చాలు. వచ్చిన రోజు దాన్ని ముట్టుకోవడం మర్యాద కాదు.

పిల్లల పాఠానికి మూడు సంగతులు బాగా ఉపయోగపడుతున్నాయి. మెట్రోనోమ్‌లో ఆవర్తనానికి ఎన్ని దెబ్బలో మనమే పెట్టుకోవచ్చు. ఏడు పెడితే మిశ్రచాపుకు, అయిదు పెడితే ఖండచాపుకు లెక్క కుదురుతుంది, ప్రతి ఆవర్తనం మొదట్లో గంట మోగుతుంది. వేగం 11 నుంచి 280 దాకా. డ్యువో అనే ఏర్పాటు 61 మెట్లను దాదాపు సమానమైన రెండు భాగాలు చేస్తుంది. పిల్లవాడు కుడివైపు, నేను ఎడమవైపు, ఇద్దరికీ ఒకే అష్టకం. నేను వాయించినది చూసి అదే మెట్టు నొక్కుతాడు. హార్మోనియం మీద ఇలా కూర్చోవడమే కుదరదు. మూడోది రికార్డింగ్. లోపల అయిదు పాటలు దాచుకోవచ్చు. అంతకన్నా యూఎస్‌బీ దారి మేలు. కీబోర్డు యూఎస్‌బీ రంధ్రం నుంచి ఫోనుకు సరైన వైరు పెడితే బయటి కుక్కల మొరుగు, ఫ్యాను చప్పుడు లేకుండా వాద్యం శబ్దం నేరుగా ఫోనులోకి పోతుంది. కొత్త నటులకు వాళ్ల శ్రుతిలోనే పద్యం వరస వాయించి ఇలా పంపుతాను. వరస పట్టుకునే సరికి రెండు రిహార్సళ్లు కలిసొస్తాయి. "బాబాయ్, ఇంకొంచెం నిదానంగా వాయించి పంపు" అని మళ్లీ అడుగుతారు, అది వేరే సంగతి.

స్మార్ట్ కార్డ్, ఆర్పెజియోలు, ఆర్టిక్యులేషన్ బటన్, పాటలు నేర్పే పాఠాలు నాకు అక్కరలేదు. పాశ్చాత్య సంగీతం వైపు పోయే పిల్లలకు అవి పనికొస్తాయి, వాళ్లు వాయిస్తుంటే విన్నాను, బాగానే ఉన్నాయి. పోర్టబుల్ గ్రాండ్ బటన్ విషయంలో మాత్రం హెచ్చరిక. అది ఒక్కసారి తగిలితే చాలు, ఏ వాయిస్‌లో ఉన్నా గ్రాండ్ పియానోలోకి వెళ్లిపోతుంది. హరిశ్చంద్రుడి పక్కన పియానో మోగితే సీను అక్కడితో సరి. వేదిక మీద ఇరుకుగా కూర్చునేచోట ఆ బటన్ మీద అట్టముక్క ఒకటి అంటించుకోండి.

ధర ఊరూరికీ, పండగపండగకీ మారుతుంది కనుక రాయడం లేదు. ఇదే వరసలో దీని తర్వాత పీఎస్ఆర్-ఈ383 వచ్చింది. పాత మోడల్ తక్కువకు ఇస్తామంటే పద్యానికి, భజనకు ఇదే చాలు, కొత్తదానికోసం అదనంగా పెట్టనక్కర్లేదు. కొనేటప్పుడు దుకాణంలో డెమో స్టైళ్లు వినకండి. హార్మోనియం వాయిస్ పెట్టించి, టచ్ ఫిక్స్‌డ్ చేయించి, మీకు బాగా వచ్చిన రాగం ఒకటి పది నిమిషాలు వాయించండి. అన్ని మెట్లూ ఒకే బరువుతో దిగుతున్నాయా, మధ్య అష్టకంలో ఏదైనా మెట్టు కిందికి దిగాక టక్కుమంటోందా చూడండి. స్టాండు, సంచి వేరుగా కొనాలి. ఎక్స్ ఆకారపు స్టాండు మీద పెడితే కింద కూర్చుని వాయించేవాళ్లకు ఎత్తు సరిపోదు. నేను పాత హార్మోనియం పెట్టె మీదే పెట్టుకుని వాయిస్తున్నాను, ఎత్తు సరిగ్గా కుదిరింది.